నీలం నైటీ బొమ్మ

ఫిబ్రవరి 8
సింధు ఫ్రిజ్ కడుగుతోంది. నిన్న గ్యాస్ స్టవ్. మొన్న నా పక్క — వాళ్ళ వార్డులోలా దుప్పటి మూలలు మడిచి ఎంత బిగించిందంటే, కాళ్ళు దూర్చడానికే తంటాలు పడ్డాను.
శుక్రవారం వాళ్ళ నర్సింగ్ కాలేజీలో హెల్త్ టాక్. మంచం పట్టిన మనిషిని పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం ఎలాగో చూపించాలి. అందుకు మనిషంత బొమ్మ సొంతంగా కుట్టుకోవాలి. లేకపోతే ప్రాక్టికల్స్‌కు కూర్చోనివ్వరు. ఇంతవరకు గుడ్డ ముక్క కత్తిరించలేదు.
"రేపు పక్కా, పెదనాన్నా."
తన చెల్లెలి కూతురికి వాయిదాల్లో అచ్చం చెల్లెలి పోలికే అని నా సుజాత ఉంటే నవ్వేది.

ఫిబ్రవరి 9
వార్డులో ఒక పెద్దాయన పోయాడట. ఒళ్ళు తుడిచి, కళ్ళు మూసి, కొడుకుని కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చి — అంతా ఈ పిల్లే. చిక్కుడుకాయలు తుంచుతూ చెబుతోంది.
"ఏడుపు రాదా అమ్మా?"
"వస్తది. డ్యూటీ అయ్యాక రమ్మంటా."
ఈ వయసులో ఎక్కడ నేర్చింది? నాకింకా చేతకాలేదు.

ఫిబ్రవరి 10
భయం కత్తెరంటేనట. మొదటి ఏడు తను గీసి కత్తిరించిన గుండె బొమ్మ చూసి క్లాసంతా — "దిల్ హై యా బైంగన్?" గుండెనా, వంకాయా అని ఒకటే నవ్వట. అప్పట్నుంచీ చెయ్యి ముందుకు పోదు.
"నాకు ఆర్ట్ రాదు పెదనాన్నా."
సుజాత చేతికి సూది గుచ్చే ముందు ఈ పిల్ల ఏవేవో కబుర్లల్లి నవ్వించేది. గుచ్చింది తెలిసేది కాదు. అది ఆర్ట్ కాదా... అని అనాల్సింది.

ఫిబ్రవరి 11
తలుపు దగ్గర నిలబడి, నేల చూస్తూ — "పెద్దమ్మ నైటీ ఒకటి... పాతదైనా పర్లేదు..."
బీరువా తెరిచాను. తను పోయాక ఇదే మొదలు. నీలం పూలది ఇచ్చాను. తన తలగడలో దూది కూడా.

ఫిబ్రవరి 12
కుట్టేసింది. మెడ పొట్టి, చేతులు వంకర. కానీ ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంది. చివర్లో సుజాతకు అలాగే ఉండేది. ఎప్పుడు గమనించిందో.
బొమ్మను తిప్పి చూపించమని నన్నడిగింది. ముందు మోకాలు మడిచాను. తర్వాత నడుము కింద చెయ్యి. అలవాటు పోలేదు.
"అదీ! అచ్చం అలాగే చూపిస్తా."

ఫిబ్రవరి 13
బొమ్మను భుజాన వేసుకుని మెట్రో ఎక్కిందట. ఎవరో ఆంటీ మనిషే అనుకుని, లేచి సీటిస్తూ — "బేటీ, ఇన్‌కో బిఠా దో."
క్లాసులో ఎవరూ నవ్వలేదు. మేడమ్ రెండోసారి చేయించుకుని చూశారు. ఇంటికొచ్చి ఇదంతా చెబుతూ చెబుతూ సింధు ఏడ్చేసింది. డ్యూటీ అయిపోయింది మరి.
తర్వాత, ముక్కు తుడుచుకుంటూ — జూనియర్లకు నేర్పడానికి బొమ్మను కాలేజీకి ఇచ్చేయమన్నారట. "మా పెదనాన్నని అడిగి సోమవారం చెబుతానన్నా."
బొమ్మ సుజాత వైపు పక్క మీద ఉంది. ఎడమకు తిరిగి.
ఇవ్వాలి. ఎంతమంది నేర్చుకుంటారు.
రేపు చెబుతానన్నాను.

ఫిబ్రవరి 15
ఫ్రిజ్ కడిగాను.