దాదీ రొట్టె పిండిని ఎత్తుకపోకు

అకీల్ భాయ్,

పొయ్యి పక్కన తడిబట్ట కప్పిన గిన్నెల దాదీ కోసం పొంగేటందుకు ఖమీర్ కలిపిన డబల్ రొట్టె పిండి ఉన్నది. రెండింతలు పొంగినంక నెయ్యి రాసిన డబ్బాల వేసి, వేడి ఇసుక పోసిన గంజుల పెట్టి, మూత వేసి గంటసేపు కాల్చు. నడుమ మూత తీసినవనుకో, కుంగిపోతది.

నిన్న పొంగిన పిండిని రోడ్డు మీద వంటా వార్పుకు ఎత్తుకపోయి పూరీలు చేసినవ్. ఫుట్‌బాల్ లెక్క ఉబ్బినయట. లారీలు మీ రాస్తారోకోకు కాదు, ఆ పూరీలను చూసి ఆగినయట. బంద్‌తోని బేకరీలు మూసినయ్. దవాఖాన నుంచి వచ్చిన దాదీ పాలల్ల నానిన రొట్టె తప్ప ఏం మింగుతలేదు. నిన్న ఉత్త పాలు తాగి పండుకున్నది. తెలంగాణ నాకు కూడా కావాలె. దాదీ పిండితోనే వస్తదా?

మందులకు పోతున్న. బస్సుల్లేవు, నడకే. తోవల శిబిరం కాడ రేపటి నిరాహార దీక్షల నీ పేరు రాయిస్త. పొద్దుమీకెదాంక కూసోని పూరీలను యాది చేసుకో.

అమ్రీన్

దీక్ష సంగతి చెప్తే దాదీ "నా పోరడు ఆకలికి ఓర్వడు" అని బుగులు పడ్తున్నది. రొట్టె అంచుముక్క నీకే దాయమన్నది. దాస్త. దీక్ష అయినంకనే తిను.