పది తర్వాత తొంభై

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య దీవెనలు. ఇక్కడ అంతా క్షేమం, కుట్టు టీచరమ్మ మోకాలు తప్ప.

మా రీడింగ్ రూము కంప్యూటరుకి నువ్వు రాసిచ్చిన పనుల చీటీ, అదే షెల్ స్క్రిప్టు, ఏడు కాగానే లైట్లన్నీ ఠపీమని ఆర్పేస్తోంది. నిన్న ఆవిడ లేవబోతుంటే ఆరిపోయాయి. బల్లకు కొట్టుకున్నారు. "ముందు ఒక్క మాట చెప్పకూడదా? నోరు లేదా?" అన్నారు.

చెప్పాలనే ఉంటుంది. నా సంగతి నీకు తెలుసు. నా బదులు కంప్యూటరే చెప్పేలా చూడు. ఇంకోసారి ఇలా అయితే ఆవిడ రావడం మానేస్తారు.

ఉంటాను,
మావయ్య

తా.క.: ఫోన్ చెయ్యకు. ఫోనులో నాకు మాట రాదు. బయటా అంతే అనుకో.

*

మావయ్యకి నమస్కారాలు.

ఇక్కణ్నుంచే పెట్టేశాను. లైట్లు ఆరేముందు గుమ్మం పక్క తెరమీద ఇరవై నుంచి అంకెలు ఒక్కొక్కటే తగ్గుతూ వస్తాయి. సున్నా రాగానే చీకటి. నువ్వు నోరు విప్పక్కర్లేదు.

నీ మేనకోడలు

తా.క.: అంకెల కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క రాశాను. అదీ చదువు.

*

చిరంజీవి మేనకోడలికి, దీవెనలు.

అంకెలు పది దాకా బుద్ధిగా దిగాయి. తర్వాత తొంభై వచ్చింది.

ఇంకా బోలెడు టైముందని, ఎక్కడలేని ధైర్యం తెచ్చుకుని ఆవిడ దగ్గరికెళ్లాను. "తొంభై ఉంది, నిదానంగా చదువుకోండి" అన్నాను. లేచినావిడ కూర్చున్నారు. వెనక్కి తిరిగి చూస్తే ఎనభై, డెబ్భై, అరవై! పదులకు పదులు మింగేస్తోంది. చీకటి.

ఈసారి రెండో మోకాలు. "ఈ వయసులో వేళాకోళమా?" అని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. నాకేం తోచడం లేదమ్మా.

మావయ్య

తా.క.: నోరు తెరవక తెరవక తెరిస్తే అబద్ధం వచ్చింది.

*

మావయ్యా,

అయ్యో, తప్పు నాది. పది ఉన్నచోటే దానిమీద తొమ్మిది రాయించాను కానీ, పదిలో సున్నాని చెరిపించలేదు. అది అక్కడే ఉండిపోయి తొమ్మిదిని తొంభై చేసింది. ఇప్పుడు పాతది చెరిపాకే కొత్తది వస్తుంది. తప్పు నాదని ఆవిడకి చెప్పు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. రోజూ అంతమంది వస్తారు కదా, నువ్వు ఒక్కావిడ మోకాళ్ల గురించే రాస్తావేంటి?

నీ మేనకోడలు

తా.క.: కింది ముక్క చదివావా, లేదా?

*

చిరంజీవి మేనకోడలికి, దీవెనలు.

చెప్పమన్నావు. చెప్పలేక, నీ ఉత్తరం తీసుకెళ్లి ఆవిడ తలుపు సందులోంచి తోసి వచ్చేశాను. సగం దూరం వచ్చాక అందులో నీ మోకాళ్ల ప్రశ్న గుర్తొచ్చింది. వెనక్కి పరిగెత్తాను. లోపల్నుంచి ఎవరో తీసేసుకున్నారు.

సాయంత్రం వచ్చారు, ఉత్తరం చేతిలో పట్టుకుని. ఏడు దాకా ఏదో పుస్తకం తిరగేస్తూ కూర్చున్నారు. అంకెలు మొదలవగానే నా ముందుకొచ్చి, "మీ మేనకోడలు అడిగినదానికి జవాబేంటి?" అన్నారు.

పది. తొమ్మిది. ఈసారి తొమ్మిది తొమ్మిదిలాగే వచ్చింది. నేను తెరకేసి చూస్తూ నిలబడ్డాను. మూడు దగ్గర ఆవిడ చెయ్యి చాపి కంప్యూటరు మీద ఏదో నొక్కారు. అంకె అక్కడే ఆగిపోయింది.

"కింద రాసుంది కదండీ, ఆపాలంటే ఏ బటనైనా నొక్కమని" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇప్పుడు నిదానంగా చెప్పండి."

మావయ్య

తా.క.: చెప్పాను.

ఇంకో తా.క.: లైట్లు అప్పట్నుంచీ వెలుగుతూనే ఉన్నాయి. మళ్లీ ఆర్పడం ఎలాగో రాయి. తొందరేం లేదు.