ప్రెసిడెంటు గారి భర్త

ఓర్వకల్లు దగ్గర, మన ఊరు
14 జూన్ 2025

ప్రియమైన రత్నమణికి,

ప్రభువు నామంలో లాజరు వందనాలు. మీ అక్క రెజీనాకూ, ఇంటిల్లిపాదికీ నా వందనాలు చెప్పు. కడపలో ఎండలు ఎట్లా ఉన్నాయో గానీ, ఇక్కడ బిందెలు కూడా ఎండిపోయాయి. ఫోన్ చేస్తే నువ్వు తీయడం లేదు. అందుకే కడపకు వస్తున్న పాస్టరు గారి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

సోమవారం నువ్వు ఊరి ప్రెసిడెంటు పదవికి రాజీనామా ఇస్తున్నావని ఆయనే చెప్పారు. ఇవ్వొద్దు. ముందు ఇది చివరిదాకా చదువు.

నిన్న పంచాయతీ ఆఫీసుకు పోయాను. నాలుగేళ్లు నేను కూర్చున్న కుర్చీ వెనక బోర్డు మీద నీ పేరుంది. రోజూ దానికి వీపు పెట్టి కూర్చున్నవాణ్ణి, నిన్ననే నిలబడి చదివాను. ఓట్లు నీకు పడ్డాయి, దండలు నా మెడలో పడ్డాయి. ఊరంతా ప్రెసిడెంటు అని పిలుస్తుంటే మీసం దువ్వుకున్నాను. నువ్వు ఒక్కసారి ఆఫీసుకు వస్తానంటే, ఆడ నీకేం పనే, కాయితాలు ఇంటికే తెస్తాండా కదా అన్నాను. నువ్వు పొయ్యి దగ్గరే, పసుపు చేతులతోనే సంతకాలు పెట్టావు. కాయితమంతా పసుపు చేస్తాండావని పైగా నిన్నే కసిరాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది, రత్నా.

గుట్ట మీద కంకర మిషన్ పెట్టడానికి ఊరికి అభ్యంతరం లేదని తీర్మానమైంది కదా. ఆ మిషన్ వాళ్లు పేల్చిన తూటాలకు మన తాగునీటి బోరు కూలిపోయింది. ఆ రోజు ఖాళీ బిందెలతో వాకిట్లోకి వచ్చిన ఆడవాళ్లు నన్నొక్క మాట అనలేదు. ఎదురింటి శివకుమారి నిన్ను పట్టుకుని, నీ సంతకమే కదక్కా, మా పిల్లోళ్ల నోట్లో మన్ను కొడితివే అని ఏడ్చింది. నువ్వు తల వంచుకుని, చదవకుండా పెట్టింటానమ్మా, తప్పు నాదే అన్నావు. నేను అరుగు మీదే ఉన్నాను. నోరు తెరవలేదు. మర్నాడే నువ్వు కడప బస్సెక్కావు.

ఇప్పుడు ట్యాంకరు రెండు రోజులకొకసారి వస్తోంది. నిన్న దాని దగ్గర శివకుమారి, అక్క ఎప్పుడొస్తాదన్నా, శానా మాటలంటిని అని కళ్లు తుడుచుకుంది.

నీ బదులు నేనే రాజీనామా చేస్తానని సెక్రటరీ శేషన్నతో అన్నాను. ప్రెసిడెంటు మొగుడనే పదవి యాడా లేదప్పా, దేనికి చేస్తావు అన్నాడు.

నీ ముందు తలెత్తుకోలేని,
లాజరు

తా.క. నిన్న తీర్మానాల పుస్తకం తెరిచాను. నువ్వు పెట్టిన ప్రతి సంతకం పక్కనా పసుపు వేలి మరక ఉంది. కంకర మిషన్ పేజీ ఒక్కటే తెల్లగా ఉంది. నువ్వు ఆ రోజు కోయిలకుంట్లలో పెళ్లికి పోయావు. మిషన్ వాళ్లు తొందరపెడితే నీ సంతకం నేనే పెట్టాను. ఈ మాటే కాగితం మీద రాసి, కర్నూలులో పై అధికారులకు ఇచ్చి వచ్చాను. బుధవారం విచారణకు వస్తారట. ఆ రోజు వచ్చి నీ కుర్చీలో నువ్వు కూర్చో. నేను ఎదురుగా నిలబడతాను.