చేతుల బొమ్మ

1961 ఫిబ్రవరి 6, సోమవారం

ఊళ్ళో అందరికీ గొణుగుడు రోగం పట్టింది. ఎవడూ నోరు తెరిచి మాట్లాడడు. నలభై ఏళ్ళు నా మీద అరిచిన పిచ్చమ్మ కూడా నెలనాళ్ళుగా నాతో మాట మానేసింది. పెళ్ళాన్ని నేనేం తప్పు చేసినానని అడగాలా? అడగను.

ఫిబ్రవరి 9

ఈ రోజూ మాట్లాడలేదు.

ఫిబ్రవరి 11, శనివారం

కావలి రోడ్డులో సుభాని టూరింగు టాకీసుకు పోయినాను. అసలు బొమ్మకు ముందు వాళ్ళ నాయన కాలపు చిన్న రీలు వేసినాడు. తీసినోడెవడో గాని మొనగాడు. పడవ నడిపేవాడు, వాడి పెళ్ళాం, మధ్యలో అలక. అంతే కథ. మొహాలు దగ్గరగా చూపించడు, చేతులు చూపిస్తాడు. ఆమె కంచం విసురుగా పెట్టింది. పోతూ పోతూ నీళ్ళ చెంబు వాడి కుడిచేతి పక్కకు జరిపింది. ఆ చెయ్యి మీదనే బొమ్మ తీసే మిషను నిలబెట్టేసినాడు. ఇంకొకడైతే ఆమెను బోరున ఏడిపించి ఉండును. వీడికి తొందర లేదు. మనకు కళ్ళున్నాయని నమ్మకం. నడుమ అక్షరాలు వచ్చినాయి. నేను కూడబలుక్కునే లోపల పోయినాయి. పోతే పోయినాయి.

తర్వాత అసలు బొమ్మ. అందరూ ఊరికే నోళ్ళు ఆడిస్తున్నారు. లేచి వచ్చేసినాను.

ఫిబ్రవరి 12

టీ అంగట్లో సుభానిని మెచ్చుకున్నాను. ఆ చిన్న రీలులో వాళ్ళు మాట్లాడినట్టు ఇప్పుడెవరు మాట్లాడతారు, ఒక్కో మాట గంట కొట్టినట్టు వినబడింది అన్నాను. అంగడంతా నవ్వింది. సుభాని నవ్వలేదు. నా చెవి దగ్గరికి వచ్చి అరిచినాడు, ఆదెయ్య మామా, అది మూగబొమ్మ, దాంట్లో మాటల్లేవు, సౌండు సౌండు అని జనం తెర మీద ఇసుక చల్లినారే, నీకు వినబడలా? అని.

టీ పోసే చెంగయ్య ఏదో అన్నాడు. నోరు కదిలింది, అంతే. టీ వదిలేసి వచ్చినాను.

ఫిబ్రవరి 13, పొద్దున

నాకు చెవుడని నీకు తెలుసా అని పిచ్చమ్మను అడిగినాను. తల ఊపింది. ఎప్పటినుంచి అంటే వేళ్ళతో వాన కురిపించింది. పోయిన వానలప్పటి నుంచి. చెప్పలేదేం అన్నాను. చెవిలో నోరు పెట్టి అరిచింది, చెబితే ఒప్పుకునే మనిషివేనా నువ్వు, రోజూ ఇట్టా అరిస్తే ఊరంతా తెలిసిపోదా, నీ మీసం ఏం కావాలయ్యా, అందుకే నోరు మూసుకున్నా అని.

ఈ నెలంతా చెంబు నా కుడిచేతి పక్కనే ఉంది. నేను చూడలేదు. ఆ రీలు తీసినోడైతే చూసి ఉండును.

ఫిబ్రవరి 15

పిచ్చమ్మ పొయ్యి ముందర కూర్చుని రెండు చేతులతో నన్ను తిట్టింది. నాకు ఒక్క మాటా పోలేదు.