సంతకాడ మలుపు

మామా,
అమ్మకు జరమని కబురొచ్చింది, ప్రొద్దుటూరు పోతాండా. సంకటి ఉట్టి మీదుంది. చెనిక్కాయల ఊరిబిండి గిన్నెలో ఉంది.

నిన్న సంతకాడ నువ్వు తోలే బస్సును చూసినా. కుడిపక్కకు తిప్పేముందు రోడ్డు మధ్యకొచ్చి, చెయ్యి బయటికి చాపి, ఎదురొచ్చే ఎద్దులబండ్లన్నీ పోయేదాకా నిలబెట్టినావు. శానా మర్యాద నేర్చినాడే అనుకున్నా. చూస్తే ముందు సీట్లో శాంతకుమారి టీచరు నవ్వుతాంది. నేనెక్కిన రోజు మాత్రం ఆ బండ్లకే అడ్డంగా తిప్పేస్తివి. కడ్డీకి తగిలి నా గాజులు పగిలిపోయినాయి.

ఆదివారం నీ బస్సుకే తిరిగొస్తా. ముందు సీటు నాది. ఆ మలుపులో ఒక్క ఎద్దుకు అడ్డం తిప్పినా, ఇంక ఆయమ్మ చేతనే సంకటి కెలికించుకో.

ఓబుళమ్మ

మరిచినా: చాపి చాపి నీ కుడిచెయ్యి ఎండకు కమిలిపోయింది. గూట్లో వెన్న పెట్టినా. నువ్వే పూసుకో, ఇంకెవరిచేతా పూయించుకోవద్దు.