పచ్చి పొయ్యి

శ్రావణ శుక్రవారం, రాత్రి

నా పొయ్యి పగిలింది. నిప్పు పెట్టింది అత్త, మాట పడ్డది నేను.

వాగు మట్టిలో ఊక, మేక వెంట్రుకలు కలిపి మడమలు నొప్పి పుట్టేదాకా తొక్కి, ఈ కొత్త పొయ్యి వేశాను. అంచులు తడిచేత్తో నున్నగా దిద్దాను. ఈ ముసురుకు పైన ఎండినా లోపల ఆరలేదు. శ్రావణ శుక్రవారం దాటనీయకుండా అత్త వెలిగిస్తుందని భయపడి, వాళ్ళమ్మను ఆపమని నిన్ననే మా ఆయనకు చెప్పాను. "అవ్వతోని నేను చెప్త తీయ్" అన్నాడు.

చెప్పలేదు. పొద్దున అత్త పొయ్యికి పసుపు కుంకుమ పెట్టి, పాలు పొంగించడానికి కట్టెలు ఎగదోసింది. పాలు కాగకముందే పొయ్యి రెండుగా చీలింది. గిన్నె ఒరిగి పాలన్నీ నిప్పుల్లో పోయాయి.

"దీని చేతుల మన్ను గూడ నిలువదు. ఇగ నువ్వు ముట్టకు, రేపు కుమ్మరామెను పిలుస్త" అంది అత్త. ఈయన గడప మీద కూర్చుని అంతా విన్నాడు. చెప్పులేసుకుని పొలానికి పోయాడు.

లోపల పచ్చిగా ఉందని అత్తకు తెలియదు, సరే. ఈయనకు తెలుసు. అందుకే ఒళ్ళు మండుతోంది.

ఇందాక ఈయనకు అన్నం పెట్టేటప్పుడు పగిలిన పొయ్యి పెల్ల ఒకటి తెచ్చి కంచం పక్కన పెట్టాను. లోపల ఇంకా తడిగానే ఉంది. వేలితో నొక్కి చూసి, "జర పప్పు వెయ్యి" అన్నాడు.

వేశాను. ఎందుకు వేశానో...

రేపు కుమ్మరామె రాకముందే ఆ పెల్లను అత్త చేతిలో పెట్టాలి. "ఇది లోపల ఎండలేదు అత్తా" అనాలి. మొదటి మాట ఒక్కటి నోట్లోంచి బయటికి వస్తే...