నా బిడ్డ ఇంద్రాణిని పై చదువుకు వదలండి, వేలిముద్రల తప్పు నాది

బోడిగుట్టపల్లె, కుందుర్పి దారి
తేది: 11-8-2004

మహారాజశ్రీ ఆసుపత్రుల పై ఆఫీసరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా కుమార్తె, మా ఊరి ఆసుపత్రి స్టాఫ్ నర్సు ఇంద్రాణిని పై చదువుకు వదలమని కోరుచు, ఆమెపై వచ్చిన ఫిర్యాదుకు కారకుడను నేనేనని ఒప్పుకొనుచు అర్జీ.

నేను ఐదో తరగతి చదివిన వేరుశెనగ రైతును. నా బిడ్డకు బెంగుళూరులో క్లినికల్ రీసెర్చి పద్ధతుల పీజీ కోర్సులో సీటు వచ్చినదని పరమానందముతో తెలియజేయుచున్నాను. ఏ మందు ఎవరికి పనిచేసినదో, ఎందుకు చేయలేదో, ఊహతో కాక రుజువుతో తేల్చే చదువట. పన్నెండు సీట్లలో పదకొండు మంది డాక్టర్లు, ఒక్కతే నర్సు. ఆ ఒక్కతె నా బిడ్డ! ఈ నెల 23 లోగా చేరకపోతే సీటు వేరేవారికి పోవును. తమ ఆఫీసు చూస్తే రిలీవింగు ఆర్డరు ఇవ్వడం లేదు. కావున మనవి.

1. కాయలు పెరికే కాలంలో మా ఊరివాళ్లు బీపీ మాత్రలు మానేస్తారు. ఎందుకు మానేస్తారో నా బిడ్డ రెండేండ్లు ఇల్లిల్లూ తిరిగి రాసినది. ఆ నోటుబుక్కు చూసే సీటిచ్చినారు. అడిగే ముందు ప్రతివారికీ, ఎందుకు అడుగుతున్నదో రాసిన కాగితం చదివి వినిపించి, ఇష్టమైతేనే వేలిముద్ర తీసుకొన్నది. ఆ విద్యలో అది నియమమట.

2. తప్పు ఇక్కడ జరిగినది. చేసినది నేను. సంతోషం పట్టలేక, ఆమె కంటే ముందే ఇండ్లకు పోయి, "మా పాప సర్కారుకు పేర్లు రాస్తాంది. కండ్లు మూసుకోని ముద్రెయ్యండి, మేలే జరుగుతాది" అన్నాను. మా ఊర్లో వేలిముద్ర వేసేది పంట ఇన్సూరెన్సుకే, ఇదీ అదే అనుకొన్నారు. ఆమె చదివినది ఎవరూ వినలేదు. నా మాటే విన్నారు.

3. పోయిన నెల ఇన్సూరెన్సు జాబితాలో పేర్లు లేకపోయేసరికి నలభై ఒక్కమంది తమకు ఫిర్యాదు పెట్టినారు. "ఏమప్పా గోవిందప్పా, నీ కూతురు మా ముద్రలు యాడ అమ్ముకున్యాది?" అని వారిలో ఒకడు గంగాధరప్ప నన్ను అంగడి ముందర నిలదీసినాడు.

4. విచారణ ముగిసేదాకా ఆర్డరు లేదన్నారు. విచారణకు ఎవరూ రారు. ఆరుసార్లు తిరిగినాను. "సారు క్యాంపులో ఉండాడు పెద్దాయనా" అంటారు గుమాస్తా గారు. ఎప్పుడొస్తారయ్యా అంటే "వచ్చినప్పుడు వస్తాడు" అంటారు. పోయినసారైతే "నర్సుకు రీసెర్చెందుకు, సూదులేసుకోమను" అన్నారు. అయ్యా, సూది వేసినాక మనిషి కోలుకున్నాడో లేదో దగ్గరుండి చూసేది నర్సే కదా?

5. నా బిడ్డ నన్ను ఒక్క మాట అనలేదు. "నాయనా, వాళ్లకు అర్థం కాకుండా ముద్ర తీసుకున్నింటే తప్పు నాదే" అంటాది. అదే నాకు నిద్ర లేకుండా చేస్తున్నది.

కావున విచారణాధికారిని 23 లోగా పంపవలెను, లేదా నన్నే విచారించి, ఏ శిక్షయినా నాకే వేసి, బిడ్డను వదలవలెను. ఈ ముసలివాని మొరను చివరి అక్షరం దాకా చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గోవిందప్ప

మరొక్క మాట: అర్జీ రాసిన సాయంత్రమే ఫిర్యాదు పెట్టినవారిని పిలిచి మొత్తం చదివి వినిపించి, దీనికింద ముద్రలు అడిగినాను.

"దీనికేమొస్తాది?" అన్నది చౌడమ్మ.

"ఏమీ రాదు చౌడమ్మా. పాప చదువుకుంటాది, అంతే."

"ఈ మాట అప్పుడే చెప్పింటే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాండెనా?" అని తిట్టి ముద్ర వేసినది. ఆమెతో కలిపి నలభైమంది వేసినారు. గంగాధరప్ప మాత్రం, "సదువయినాక మళ్ల మన ఆస్పత్రికే వస్తాదని చెప్పు, ఏస్తా" అన్నాడు. వస్తుందని నోటిదాకా వచ్చినది. ఆమెను అడగకుండా చెప్పలేనన్నాను. ఆయన వేయలేదు. ఆ చోటు ఖాళీగానే పంపుచున్నాను.